డాఫ్నిస్–క్లోయీ కథలో పురాణగాథల స్థానము

గ్రీకు వచనమున వెలసిన ప్రణయాఖ్యానములలో సమగ్రముగా మనకు దక్కినవి ఐదు. ఖరిటన్, ఎఫెసస్ పురవాసియగు జెనొఫన్, అకిలీస్ టేషియస్, లాంగస్, హెలియొడోరస్ అనువారు వాని కర్తలు. తక్కిన నలువురి నాయికానాయకులు ఓడలెక్కి, దొంగల పాలబడి, దేశదేశములు తిరిగి తుదకు కలిసికొందురు. లాంగస్ పాత్రలు మాత్రము లెస్బోస్ ద్వీపమున మేకలను, గొఱ్ఱెలను కాచుకొనుచు ఆ చుట్టుపట్లనే యుందురు. ఈ కృతి క్రీస్తుశకము రెండవ శతాబ్దాంతమున గాని, మూడవ శతాబ్దారంభమున గాని పుట్టినదని పలువురు పండితుల మతము.

దీనిని చాలకాలము సరసమైన కాలక్షేపగ్రంథముగనే ఎంచిరి. అందులకు కారణము లేకపోలేదు. మేకపాలు త్రాగి బ్రదికిన బాలుడు, గొఱ్ఱెపాలు త్రాగి బ్రదికిన బాలిక, ఋతువులు, పిల్లనగ్రోవి, తుదకు ఇరువురును ధనికుల బిడ్డలేయని తేలి పెండ్లి! నాయకుని పేరు సైతము పురాణమునుండి వచ్చినదే. డాఫ్నిస్ సిసిలీ ద్వీపపు పసులకాపరి. క్రీ. పూ. మూడవ శతాబ్దపు కవి థియోక్రిటస్ తన మొదటి గోపాలగీతమున ఇతని మరణమునే పాడించెను. లాంగస్ పేరు పుచ్చుకొని మరణమును విడిచెను. అట్లు విడిచిన విషాదము ఎక్కడికి పోయినది? కథలోని ఉపాఖ్యానములలోనికి పోయినదని మా తలంపు.

అవి మూడు. మొదటి ప్రకరణమున అడవిపావురపు కూత విని క్లోయీ అడుగగా డాఫ్నిస్ చెప్పునది మొదటిది. ఒక కన్య పాటతోనే ఆవులను కాచుచుండెను. కొట్టుటయు లేదు, అదలించుటయు లేదు. సమీపమున మఱియొక బాలుడు తన గొంతు వినిపించి ఆమె మందలో మేలైన ఎనిమిది ఆవులను లాగికొనెను. ఆమె దేవతలను వేడి పక్షియైనది. నేటికిని ఆవులను వెదకుచు కూయుచున్నదట. రెండవ ప్రకరణమున లామన్ అను ముసలివాడు సిరింక్స్ గాథను చెప్పును. పాన్ దేవుడు తఱుమగా ఆ కన్య రెల్లుదుబ్బులలో దాగి బురదలో అదృశ్యమైనది. అతడు కోపమున రెల్లు నఱికి, జరిగినది తెలిసికొని, తమ వలపు సమముకానందున హెచ్చుతగ్గులుగల గొట్టములను మైనముతో కూర్చి వాద్యము చేసెను. మూడవ ప్రకరణమునందలి ఎఖో గాథ మఱింత ఘోరము. పాన్ ఆమె గానమునకు అసూయ చెంది, ఆమె తనకు దక్కనందుకు కినిసి, కాపరులకు పిచ్చి పుట్టించెను. వారు తోడేళ్లవలె ఆమెను చీల్చి, ఇంకను పాడుచున్న అవయవములను నేలయంతట విసరివేసిరి.

రోమక కవి ఓవిడ్ రచనలో ఎఖో నార్సిసస్‌పై వలపుచే కృశించి గొంతు మాత్రమై మిగులును. అక్కడ చీల్చుట లేదు. లాంగస్ ఎన్నుకొన్న పాఠము వేఱు. మూడు గాథలలోను పాడునది కన్యయే, నష్టపడునదియు కన్యయే; గాథ గాథకు నష్టము పెరుగుచున్నది. ఇది యాదృచ్ఛికమని మేము నమ్మజాలము.

1990లో వెలువడిన గ్రంథమున జాన్ వింక్లర్ అను అమెరికా పండితుడు ఈ సరసకథ అడుగున బాలికలకు సమాజము నేర్పు కఠినపాఠమున్నదని వాదించెను. ఆయన వాదము చాలవఱకు మాకు సమ్మతమే. కాని సిరింక్స్ గాథ ముగిసిన పిమ్మట డాఫ్నిస్ పాన్‌గాను, క్లోయీ సిరింక్స్‌గాను నటించి నాట్యమాడుదురు. పెద్దలు చూచి సంతోషింతురు. ఆ ఉల్లాసమును బొత్తిగా బూటకమనుట గ్రంథమునకు అన్యాయము. భయంకరమైన గాథను ఆటగా మార్చు శక్తియే ఈ రచయిత విశేషము. క్లోయీని అపహరించిన సేనానికి కలలో కనబడి పాన్ పలికిన మాటయు ఇక్కడ స్మరింపదగినది: ఎరోస్ ఈ కన్యను ఒక కథగా చేయదలచినాడని ఆ మాటకు భావము. అందలి గ్రీకు పదము పురాణగాథకును చెల్లును. గాథలలోని కన్యలవలె క్లోయీకూడ ఒక గాథ కానున్నదని చదువరి ఉలికిపడవలసిన చోటిది.

ఇచట పాఠచరిత్రనుగూర్చి ఒక మాట. జాక్ అమ్యో ఫ్రెంచి అనువాదము 1559లో వెలువడినను, మొదటి ప్రకరణమున క్లోయీ హృదయమున ప్రేమ అంకురించు ఘట్టము అందు లేదు. నాటికి లభించిన ప్రతులలో అది లోపించినది. 1809లో పాల్ లూయీ కూరియే ఫ్లారెన్సు నగరపు లారెన్షియన్ గ్రంథాలయమున ఆ భాగమును కనుగొని, నకలు వ్రాసికొని, ఆ పుటమీదనే సిరా ఒలికించెను! పొరపాటని అతడు, బుద్ధిపూర్వకమని గ్రంథపాలకుడు వాదులాడిరి. నాయిక మనసు చెప్పు పుటయే మరకపాలగుట చిత్రము.

నాల్గవ ప్రకరణమున ఉపాఖ్యానము లేదు. ఆ స్థానమున పెండ్లి యున్నది. పల్లీయులు వధూవరులను పడకటింటి వఱకు సాగనంపి వాకిట పాడుదురు; ఆ గొంతులు పెండ్లిపాటవలె గాక, గునపములతో నేలను పెల్లగించునట్లు కఱకుగా నుండెనని లాంగస్ వ్రాసెను.