లెక్కల మీద పడ్డ నింద

అమెరికాలోని ఆస్టిన్ నగరం. అక్కడి టెక్సస్ విశ్వవిద్యాలయం గణిత విభాగంలో కంప్యూటర్లు మొరాయించడం మొదలుపెట్టాయి. అన్నీ డెల్ డెస్క్‌టాప్‌లే. కబురు అందుకున్న కంపెనీ వాటిని పరీక్షించింది. మీరు వీటితో మరీ కష్టమైన లెక్కలు చేయించారు, ఆ భారానికే పాడయ్యాయి అని తేల్చింది.

లెక్కలు కట్టడానికే పుట్టిన యంత్రం లెక్కలు కట్టి చెడిపోతుందా? ఆ జవాబు వచ్చింది కూడా ఎక్కడి నుంచో కాదు. ఆ కంపెనీ స్థాపకుడు మైకేల్ డెల్ 1984లో తన వ్యాపారం మొదలుపెట్టింది ఇదే విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, వసతి గదిలోనే.

డబ్బాలో దొంగ

అసలు దోషి మదర్‌బోర్డు మీదే ఉంది. ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడే చిన్న గుండ్రటి డబ్బాలు కెపాసిటర్లు. పవర్ సప్లై పంపే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటిన్నర వోల్టు దరిదాపులకు దించేటప్పుడు, ఆ కరెంటును ఒడుదొడుకులు లేకుండా నిలకడగా ఉంచేవి అవే. లోపల అల్యూమినియం రేకులు, వాటి మధ్య రసాయన ద్రావణంలో తడిసిన కాగితం ఉంటాయి. ఆ ద్రావణం తేడా చేస్తే వాయువు పుడుతుంది. మూత ఉబ్బుతుంది. చివరికి చిట్లి, లోపలి రసాయనం బోర్డు మీదికి కారుతుంది.

అక్కడి నుంచి వాడేవాళ్లకు నరకమే. ఇవాళ పనిచేసిన కంప్యూటర్ రేపు పని మధ్యలో ఆగిపోతుంది. దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఒకరోజు బటన్ ఎంత నొక్కినా లేవదు. చూసేవాళ్లకు పవర్ సప్లై పోయిందనిపిస్తుంది. దాన్ని మార్చినా జబ్బు వదలదు.

కోర్టు కాగితాలు చెప్పిన నిజం

నార్త్ కరోలినాకు చెందిన అడ్వాన్స్‌డ్ ఇంటర్నెట్ టెక్నాలజీస్ సంస్థ సుమారు 2,000 డెల్ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లు కొని నష్టపోయింది. 2007లో డెల్ మీద కోర్టుకెక్కింది. ఆ కేసు పత్రాలు 2010లో బయటికొచ్చాక, ఆస్టిన్ ఉదంతాన్ని కూడా కలిపి న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ కథంతా ప్రచురించింది. 2003 మే నుంచి 2005 జూలై దాకా అమ్మిన కోటీ 18 లక్షల యంత్రాలకు ఈ ముప్పు ఉందని ఆ పత్రాల్లో తేలింది. కొన్నిచోట్ల పోయిన బోర్డు తీసి, అదే లోపమున్న మరో బోర్డు బిగించారు. మరమ్మతు అయిందని నమ్మిన మనిషికి అది రెండో దెబ్బ.

డెల్ వారంటీ గడువు పొడిగించింది. ఈ మరమ్మతుల కోసం 2005లోనే 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. జపాన్‌కు చెందిన నిచికాన్ తయారుచేసిన ఆ కెపాసిటర్లు మరికొన్ని కంపెనీల యంత్రాల్లోనూ ఉన్నాయి. కేసు 2010లో రాజీతో ముగిసింది.

మనం చేయాల్సింది

మీ కంప్యూటర్ పదే పదే ఆగిపోతుంటే వెంటనే కొత్త పవర్ సప్లై కొనకండి. ప్లగ్ తీసేసి, పక్క మూత విప్పి, కెపాసిటర్ల తలలు చదునుగా ఉన్నాయో ఉబ్బాయో చూడండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు కాసేపు నిలిచే ఉంటుంది. పవర్ సప్లై ఇచ్చే వోల్టేజీని మెకానిక్ చేత, అది పని భారం మీద ఉండగా మల్టీమీటర్‌తో కొలిపించండి. 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 లోపు, 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 లోపు రావాలి. అవి సరిగ్గా ఉంటే బోర్డును, గోడలోని సాకెట్‌ను, ఎర్తింగ్‌ను అనుమానించాలి.

ఒకే భాగం రెండోసారి పోయిందంటే మొదటిసారి కారణం దొరకలేదన్నమాట. అది మీ వాడకం తప్పేనని ఎవరైనా అంటే, పాడైన భాగాన్ని చూపించి రుజువు చేయమని అడగండి. డబ్బు పెట్టి కొన్న ప్రతి ఒక్కరికీ ఆ హక్కు ఉంది.