గడప ఎక్కిన గోడ

హాలు బాగుచేయించాక కొత్త సోఫా కొందామన్నారు మావారు. నేను పాత సామాన్ల కొట్టులో రెండు పేము కుర్చీలు కొని, ఊళ్ళో పడగొట్టిన మా మండువా ఇంటి తలుపులూ గడపా తెప్పించాను. అన్నీ బర్మా టేకువే.

1852 యుద్ధంతో రంగూన్ ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడ్డాక, అక్కడి టేకు ఓడలెక్కి మన రేవులకు విరివిగా వచ్చేది. అదే సముద్రం మీద మన కోస్తావాళ్ళు కూలికి ‘రంగం’ వెళ్ళేవారు. కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఎందరో అడవుల్లో, కొండల్లో నడుస్తూ దారిలోనే పోయారు. కలప మాత్రం అంతకుముందే హాయిగా ఓడలో వచ్చి మన గుమ్మాల్లో నిలబడింది!

తలుపులు బల్ల అయ్యాయి. గడపని బెంచీ చేయిద్దామంటే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. “గడప మీద కూర్చుంటారటే?” అన్నారు. నిజమే కదా! అందుకే గోడకి ఎత్తుగా అలమరలా బిగించాం. పుస్తకాలు సర్దాను.

మొన్న శుక్రవారం ఆవిడ నాచేత దానికి పసుపు రాయించారు.