నా పెట్టెలో కీబోర్డులు, పాటల డబ్బాలు: వాటిలో మన భాషల చరిత్ర



నిడదవోలు చరిత్ర అనగానే ఇక్కడ అందరూ రుద్రమదేవిని పెళ్ళి చేసుకున్న చాళుక్య వీరభద్రుడి పేరు చెప్తారు. అది రాజుల చరిత్ర. నేను రాసేది చేత్తో పట్టుకునే వస్తువుల చరిత్ర. హాస్టల్లో నా మంచం కింద ట్రంకు పెట్టెలో నాలుగు పాత కీబోర్డులు, ఐదు పాటలు వినే మెషీన్లు ఉన్నాయి. అన్నీ పాత సామాన్ల కొట్లలో, రిపేరు షాపుల్లో అడిగి తెచ్చుకున్నవే. కొన్ని పనిచేస్తాయి, కొన్ని చెయ్యవు. రూమ్మేట్లు నవ్వుతారు. కానీ వీటిని వరసగా పెట్టి చూస్తే మన భాషలు ఎక్కడ ఆగిపోయాయో కనిపిస్తుంది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముందు కీబోర్డుల సంగతి. అన్నింటికన్నా బరువైనది టీవీఎస్ గోల్డ్. బిల్లు కౌంటర్లలో టకటకమని మోగుతుందే, అదే. ప్రతి మీట కింద విడిగా ఒక స్విచ్ ఉంటుంది, అందుకే ఆ శబ్దం, అందుకే అన్నేళ్ళు మన్నుతుంది. రెండోదానికి ఊదారంగు గుండ్రటి పిన్ను ఉంది. దాన్ని పీఎస్ టూ అంటారు, 1987లో ఐబీఎం కంపెనీ తెచ్చింది. ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లకి అది పెట్టే చోటే లేదు. మూడోది మామూలు యూఎస్‌బీ కీబోర్డు. నాలుగోదాని మీద ఇంగ్లీషు అక్షరాల పక్కనే తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి ఉన్నాయి, సగం అరిగిపోయాయి.

నాలుగింటిలోనూ పైవరస క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై అనే మొదలవుతుంది. ఆ వరస అమెరికాలో షోల్స్ అనే ఆయన తయారుచేసిన టైపుమెషీన్ నుంచి వచ్చింది. రెమింగ్టన్ కంపెనీ 1874లో దాన్ని అమ్మకానికి పెట్టింది. ఇంగ్లీషు కోసం పెట్టిన వరసలోనే తర్వాత మిగతా భాషలన్నీ సర్దుకోవాల్సి వచ్చింది.

1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నింటికీ ఇన్‌స్క్రిప్ట్ అని ఒకే పద్ధతి పెట్టింది. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. ఇందులో "కోయ" అని కొట్టాలంటే మూడే మీటలు: కే, ఏ, స్లాష్. నేను మొదట నేర్చుకున్న మాట కూడా అదే. కానీ డీటీపీ సెంటర్లలో ఇది పెద్దగా నడవలేదు. అక్కడ రాజ్యమేలింది అనూ ఫాంట్లు. పాత అనూ ఫాంటులో కంప్యూటర్ లోపల దాచుకునేది తెలుగు కాదు, వేరే గుర్తులు. పైకి తెలుగు బొమ్మ కనిపిస్తుంది అంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పిన పాటలు ఒకాయన అలా టైపు చేయించి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. దాన్ని మార్చే పని ఇంకా చేస్తూనే ఉన్నాను.

ఈ చిక్కు తీర్చింది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మరి మన లిపులు? ఈ లెక్క చూడండి.

బాలాఘాట్‌కి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం 1918లో గోండీకి లిపి తయారుచేశారు. అది యూనికోడ్‌లోకి వచ్చింది 2017లో. అంటే 99 ఏళ్ళు. సవర భాషకి మంగేయ్ గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపి ఇచ్చారు. యూనికోడ్‌లోకి 2012లో వచ్చింది, 76 ఏళ్ళు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండీ లిపికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు రూపాయి గుర్తు చూడండి. కేంద్రం దాన్ని ఒప్పుకుంది 2010 జూలైలో. యూనికోడ్‌లో చేరింది అదే ఏడాది అక్టోబరులో. మూడు నెలలు! తర్వాత కీబోర్డుల మీద నాలుగు అంకె పక్కన అచ్చు కూడా అయిపోయింది. అడిగేవాడి వెనక ప్రభుత్వం ఉంటే మూడు నెలలు, లేకపోతే 99 ఏళ్ళు. దీన్ని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను.

సవర మాటల్లో గొంతు దగ్గర గాలి టక్కున ఆగే శబ్దం ఒకటి ఉంది. తెలుగు కీబోర్డులో దానికి అక్షరం లేదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, 1931లో ఇంగ్లీషులో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. ఆ భాష వినడానికి ఆయన పడిన కష్టంలో పదో వంతు కూడా మెషీన్లు తయారుచేసినవాళ్ళు పడలేదు.

ఇక పాటల డబ్బాలు. క్యాసెట్‌ని ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. 1979 జూలై 1న సోనీ వాక్‌మన్ జపాన్‌లో వచ్చింది. 1998లో కొరియా వాళ్ళ ఎంపీమ్యాన్, 2001లో ఆపిల్ ఐపాడ్. పుస్తకాల్లో చరిత్ర ఇలాగే ఉంటుంది, డబ్బా చిన్నదవుతూ పాటలు పెరుగుతూ. నేను మాత్రం ఇంకో సంగతి గమనించాను. మొదటి వాక్‌మన్‌కి, మొదటి ఐపాడ్‌కి రికార్డు బటన్ లేదు. అవి వినేవాడి కోసం చేసినవి. మన ఊళ్ళకి పనికొచ్చింది ఎర్ర బటన్ ఉన్న టేప్ రికార్డరే. పెళ్ళిలో రేల పాటలు, భూమి పండుగలో డోలు, ఎవరో ముసలమ్మ నవ్వు, అన్నీ దాంట్లోకి ఎక్కాయి. తర్వాత మెమరీ కార్డు కాలం వచ్చింది. టౌనుకొచ్చి షాపులో డబ్బులిచ్చి చిప్‌లో సినిమా పాటలు ఎక్కించుకుని వెళ్ళేవాళ్ళం. ఆ కాలంలో మనం పాడేవాళ్ళం కాస్తా వినేవాళ్ళమే అయిపోయాం.

నా దగ్గరున్న ఒక సీ-60 క్యాసెట్‌లో మొదట మా వైపు పెళ్ళిపాట రెండు నిమిషాలు వినిపిస్తుంది. తర్వాత టక్కుమని చిరంజీవి సినిమా పాట. ఇంట్లో ఎవరో దానిమీదే మళ్ళీ రికార్డు చేశారు. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ చెవి ఉంటుంది, దాన్ని విరిచేస్తే మళ్ళీ రికార్డు అవ్వదు. ఆ చిన్న సంగతి చెప్పేవాళ్ళు లేక ఒక పాట మొత్తం పోయింది.

సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల చరిత్ర పాడే కోయ కళాకారుడు. 2024లో పోయారు. పద్మశ్రీ వచ్చిన మనిషి కాబట్టి కొన్నయినా రికార్డులు ఉంటాయి. మన ఊళ్ళలో పద్మశ్రీ రానివాళ్ళు ఎంతమంది?

అందుకని మూడు పనులు చెప్తున్నాను. ఒకటి, ఇంట్లో పాత క్యాసెట్లు ఉంటే పారెయ్యకండి. బూజు పట్టినవి తుడవకుండా మెషీన్‌లో పెట్టకండి, టేపు తెగుతుంది. ముందు చెవి విరిచి, ఆడుతున్నప్పుడు ఫోన్లోకి కాపీ చెయ్యండి. రెండు, ఫైలు పేరులో ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ అని రాయండి. పేరు లేని పాట పదేళ్ళకి ఎవరిదో అయిపోతుంది. మూడు, ఏది టైపు చేసినా యూనికోడ్‌లోనే చెయ్యండి. మన మాట తెలుగు అక్షరాల్లో రాసినా పర్లేదు. 2004లో మొదలైన బహుభాషా విద్యలో కోయ, సవర, కువి వాచకాలు తెలుగు లిపిలోనే వేశారు. లిపి కోసం పోరాటం ఒకపక్క చేద్దాం, ఈలోపు మాట పోకూడదు.

ఇప్పుడు మనందరి జేబులో ఉన్న ఫోన్‌లో కీబోర్డు ఉంది, పాటల డబ్బా ఉంది, ఎర్ర బటన్ కూడా ఉంది. ఈ మూడూ ఒకచోట దొరికిన మొదటి తరం మనమే. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్క పాటైనా రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. ఏ భాషదైనా సరే, వింటాను.

జై ఆదివాసి.