దక్షిణాఫ్రికా అహింసా పోరాటాల్లో తెలుగువారు

దక్షిణాఫ్రికాలో తెల్లవారి జాతి వివక్ష చట్టాలను ఆయుధం పట్టకుండా ఎదిరించిన ఉద్యమాల చరిత్రను సాధారణంగా గాంధీ పేరుతో మొదలుపెడతారు. ఆ ఉద్యమాల్లో జైళ్లు నింపిన జనం ఎక్కడివాళ్లని ఆరా తీస్తే, మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళ, తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. 1860లో చెరుకు తోటల పనికి వెళ్లిన మొదటి తరం నుంచి, ఐక్యరాజ్యసమితిలో రెండు దశాబ్దాలకు పైగా ఆ వివక్ష పాలన వెంటపడిన నెల్లూరు జిల్లా వాసి ఇ.ఎస్. రెడ్డి వరకు ఈ కథలో తెలుగువారి పాలు చిన్నదేమీ కాదు. నూరేళ్ల ఈ పోరాటంలో గెలుపు దక్కిన చోటల్లా ఒక్కటే కారణం కనిపిస్తుంది: అణచివేత దేన్ని తిని బతుకుతోందో దాన్ని జనం ఇవ్వడం మానేశారు. మొదట పని, తర్వాత విధేయత, చివరికి వ్యాపారం.

నటాల్ అప్పట్లో బ్రిటిష్ వలస. అక్కడి తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. 1860 నవంబర్ 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. పది రోజులకు కలకత్తా నుంచి 'బెల్వెడీర్' వచ్చింది. 1911 దాకా ఇలా వెళ్లినవారు లక్షా 52 వేల మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగు పల్లెల వారు వీరిలో ఉన్నారు.

ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికొక షిల్లింగు పెంపు. చెరుకు కోత చూసినవారికి ఆ పని ఎంత చాకిరీయో చెప్పనక్కర్లేదు. నటాల్‌లో దానికి తోడు చట్టం కూడా యజమాని పక్షానే ఉండేది. చీటీ లేకుండా తోట దాటితే నేరం, పనికి రాకపోయినా నేరమే. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఓడల జాబితాల్లో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాసి ఉంటాయి. గుమాస్తాలు తమ చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకోవడంతో చాలా ఊళ్ల పేర్లు ఇప్పుడు పోల్చుకోవడం కష్టం. తమ పూర్వీకుల ఊరు ఏదో తెలుసుకోవాలనుకునే దక్షిణాఫ్రికా తెలుగువారు ఇప్పటికీ ఆ జాబితాలే తిరగేస్తారు.

పేర్ల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. రెడ్డి, అప్పలస్వామి వంటి పేర్లు అక్కడ కుటుంబనామాలుగా స్థిరపడ్డాయి, వాటిని చూడగానే తెలుగు మూలాలు గుర్తుకొస్తాయి. నాయుడు అనే పేరు అలా కాదు, అది తెలుగు, తమిళ భాషలు రెండింటి వారిలోనూ ఉంది. నటాల్ పొరుగున ఉన్న ట్రాన్స్‌వాల్‌లో సాగిన సత్యాగ్రహంలో గాంధీకి కుడిభుజంగా నిలిచిన తంబి నాయుడు మారిషస్‌లో పుట్టిన తమిళుడు. ఆయనకు తెలుగు కొంత వచ్చని, అక్షరాలు మాత్రం రావని గాంధీ తన పుస్తకంలో రాశారు. మద్రాసు నుంచి వచ్చినవారందరినీ తెల్లవారు 'మద్రాసీలు' అనే ఒకే గాటన కట్టేశారు. అందువల్ల ఫలానా సమ్మెలో తెలుగువారు ఇంతమంది అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఒప్పందం ముగిసిన కూలీ అక్కడే స్థిరపడి స్వేచ్ఛగా బతకడం తెల్ల వలసదారులకు ఇష్టం లేదు. 1895లో నటాల్ ప్రభుత్వం అలా ఉండిపోయే వారిపై ఏటా మూడు పౌన్ల తలపన్ను వేసింది. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, కొత్త కూలీకి ఆరు నెలల జీతం. 1903లో దీన్ని పిల్లలకూ వర్తింపజేశారు. పదహారేళ్లు నిండిన కొడుకుకు, పదమూడేళ్లు నిండిన కూతురికి కూడా పన్ను కట్టాలి. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదికి పన్నెండు పౌన్లు. కట్టలేకపోతే మళ్లీ ఒప్పందం రాసిచ్చి తోటలోకి వెళ్లాలి, లేదా ఓడెక్కి వెనక్కి పోవాలి. చట్టం కోరుకున్నదీ అదే.

ఈ పన్నుపై పోరాటం మొదలవడానికి ముందే ట్రాన్స్‌వాల్‌లో మరో పోరాటం సాగింది. ఆసియావాసులందరూ వేలిముద్రలిచ్చి రిజిస్టర్ కావాలన్న చట్టానికి లొంగబోమని 1906 సెప్టెంబర్ 11న జొహానెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటర్‌లో భారతీయులు ప్రతిజ్ఞ చేశారు. 1908 ఆగస్టు 16న రెండు వేలకు పైగా రిజిస్ట్రేషన్ పత్రాలను బహిరంగంగా తగలబెట్టారు. ఆ దశలో ముందున్నవారిలో ఎక్కువమంది వ్యాపారులు, చిరువ్యాపారులు. నటాల్ తోటల్లో, గనుల్లో ఉన్న కూలీల దాకా ఉద్యమం ఇంకా చేరలేదు. 1913 నాటికి సత్యాగ్రహుల సంఖ్య బాగా తగ్గిపోయింది కూడా.

ఆ ఏడాది మార్చిలో కేప్ కోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చట్టం దృష్టిలో చెల్లకుండా పోయాయి. తమ కాపురాలకే విలువ లేదన్న మాట ఆడవాళ్లను వీధిలోకి తెచ్చింది. అక్టోబర్‌లో, సత్యాగ్రహుల ఆవాసమైన టాల్‌స్టాయ్ ఫారంలో అంతకుముందు ఉన్న కుటుంబాల నుంచి పదకొండు మంది స్త్రీలు, కొందరు చంటిపిల్లలను చంకనేసుకుని, న్యూకాసిల్ బొగ్గు గనుల దగ్గరికి వెళ్లారు. తంబి నాయుడి భార్య, పి.కె. నాయుడి భార్య, పెరుమాళ్ నాయుడి భార్య అందులో ఉన్నారు. మూడు పౌన్ల పన్ను ఎత్తేసేదాకా గనిలోకి దిగవద్దని వారు కూలీలకు చెప్పారు. అక్టోబర్ మధ్య నాటికి సమ్మె మొదలైంది. కొన్ని రోజుల్లోనే వేలమంది పని మానేశారు. యజమానులు క్వార్టర్లకు నీళ్లు, దీపాలు ఆపేశారు. కూలీలు మూటాముల్లె సర్దుకుని, పెళ్లాం పిల్లలతో బయటికి వచ్చేశారు.

ఇంతమందికి తిండి ఎలా? గాంధీ వారిని ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటించాలని నిర్ణయించారు. అనుమతి లేకుండా సరిహద్దు దాటడమే నేరం కాబట్టి ప్రభుత్వం అందరినీ జైల్లో పెట్టి పోషించాలి, లేదా చట్టాన్ని మార్చుకోవాలి. నవంబర్ 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు చార్లెస్‌టౌన్ నుంచి బయల్దేరి వోక్స్‌రస్ట్ వైపు నడిచారు. దారిలో మనిషికి రొట్టె, కాస్త పంచదార. నాలుగు రోజుల్లో గాంధీని మూడుసార్లు అరెస్టు చేశారు, నడక ఆగలేదు. నవంబర్ 10న బాల్ఫర్ దగ్గర వారందరినీ ప్రత్యేక రైళ్లెక్కించి నటాల్‌కు తిప్పి పంపారు. గని క్వార్టర్లనే జైళ్లుగా ప్రకటించి, గని మేస్త్రీలనే వార్డర్లుగా నియమించి, బలవంతంగా గనిలోకి దింపే ప్రయత్నం జరిగింది. కొరడా దెబ్బలు తిన్నారు, దిగలేదు.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. నాయకులు జైల్లో ఉండగానే, ఎవరూ పిలుపు ఇవ్వకుండానే సమ్మె కోస్తాలోని చెరుకు తోటలకు, డర్బన్ నగరానికి పాకింది. తోటల్లో, హోటళ్లలో, రైల్వేలో, ఇళ్లల్లో పనిచేసే భారతీయులు సుమారు ఇరవై వేలమంది పని ఆపారు. చెరుకు నరికే దిక్కు లేక మిల్లులు నిలిచాయి. సత్యాగ్రహం గురించి వినడమే గానీ శిక్షణ ఎరగని జనం వీళ్లు. కొన్నిచోట్ల ఘర్షణలు జరిగాయి, చెరుకు తోటలు తగలబడ్డాయి, పోలీసుల కాల్పుల్లో కూలీలు చనిపోయారు. అహింసా ఉద్యమ చరిత్రలో ఈ పేజీని దాచిపెట్టడం న్యాయం కాదు. ప్రాణాలు ఇచ్చింది వాళ్లు, ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేసిందీ వాళ్లే.

వాళ్ల పోరాట ప్రభావం మద్రాసులో కనిపించింది. 1913 నవంబర్ 24న ఆ నగరంలో మాట్లాడుతూ వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ దక్షిణాఫ్రికా భారతీయుల ప్రతిఘటన పట్ల బాహాటంగా సానుభూతి ప్రకటించాడు. బ్రిటిష్ సామ్రాజ్యంలో ఒక వైస్రాయ్ మరో బ్రిటిష్ ప్రభుత్వాన్ని అలా తప్పుపట్టడం అసాధారణం. డిసెంబర్‌లో విచారణ సంఘం ఏర్పడింది, గాంధీని విడుదల చేశారు. డిసెంబర్ 21న డర్బన్ సభకు ఆయన మీసం తీసేసి, ఒప్పందం కూలీ వేషంలో వచ్చారు. 1914 మధ్యలో వచ్చిన భారతీయుల ఉపశమన చట్టం మూడు పౌన్ల పన్నును రద్దు చేసింది, భారతీయ వివాహాలను గుర్తించింది. జైలులో జబ్బుపడి బయటికి వచ్చిన వళ్లియమ్మ అనే పదహారేళ్ల అమ్మాయి ఆ ఫలితం చూడకుండానే ఫిబ్రవరిలో కన్నుమూసింది.

ఆ గెలుపుకు హద్దులున్నాయి. ఓటు రాలేదు, భూమి హక్కు రాలేదు. ఆ దేశపు అసలు జనమైన ఆఫ్రికన్లు ఆ ఉద్యమంలో లేరు, వారిని పిలవనూ లేదు. అదే 1913లో ఆఫ్రికన్ల భూములు లాక్కునే చట్టం వచ్చింది. అదే ఏడాది బ్లూంఫాంటైన్‌లో ఆఫ్రికన్ స్త్రీలు అనుమతి పత్రం (పాస్) వెంట ఉంచుకోవాలన్న చట్టాలను ధిక్కరించి జైలుకు వెళ్లారు. రెండు పోరాటాలూ ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో వేర్వేరుగా సాగడం గాంధీ తరం మిగిల్చిన లోటు.

తర్వాతి మూడు దశాబ్దాలు ఎక్కువగా విన్నపాలతో గడిచాయి. 1924లో హైదరాబాద్‌కు చెందిన సరోజినీ నాయుడు వెళ్లి దక్షిణాఫ్రికా ఇండియన్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. భారతీయులను వేరే వాడలకు నెట్టే బిల్లును ఆమె ఊరూరా తిరిగి ఎండగట్టారు. ఆ ఏడాది ప్రభుత్వం మారడంతో బిల్లు మూలపడింది. 1929 నుంచి 1932 వరకు రాజమహేంద్రవరం వాసి కూర్మా వెంకటరెడ్డి నాయుడు అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా పనిచేశారు. ఆయన ఉన్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తమిళంలో కలిసిపోతున్న తెలుగును నిలబెట్టుకోవాలన్న తపన దానికి మూలం.

1946లో మళ్లీ సత్యాగ్రహం లేచింది. భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించే చట్టాన్ని జనం 'ఘెట్టో చట్టం' అన్నారు. డాక్టర్ మాంటీ నాయకర్, డాక్టర్ యూసుఫ్ దాదూ నాయకత్వంలో జూన్ 13న డర్బన్‌లో ఉద్యమం మొదలైంది. ఉంబిలో రోడ్డు, గేల్ స్ట్రీట్ కలిసే మూలన, తెల్లవారికే కేటాయించిన ఖాళీ స్థలంలో గుడారాలు వేసి కూర్చున్నారు. రాత్రిళ్లు తెల్ల యువకుల గుంపులు వచ్చి గుడారాలు పీకేసి, దొరికినవాళ్లను కొట్టేవి. మర్నాటికి మళ్లీ గుడారం లేచేది. రెండేళ్లలో దాదాపు రెండు వేలమంది జైలుకు వెళ్లారు, వారిలో డాక్టర్లు, విద్యార్థినులు, మిల్లు కార్మికులు ఉన్నారు. ఈ పట్టుదల తమ తరం ఆఫ్రికన్ యువకులకు పాఠమైందని నెల్సన్ మండేలా తన ఆత్మకథలో చెప్పారు. 1947 మార్చిలో నాయకర్, దాదూ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు జూమాతో ఒప్పందం చేసుకున్నారు. 1913 నాటి లోటు పూడటం అక్కడ మొదలైంది. 1952 జూన్ 26న మొదలైన చట్టధిక్కార ఉద్యమంలో ఆఫ్రికన్లు, భారతీయులు కలిసి ఎనిమిది వేలమందికి పైగా అరెస్టయ్యారు.

1946లోనే భారత ప్రభుత్వం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది, సమస్యను ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. ఆ ఏడాది చదువు కోసం న్యూయార్క్ చేరిన ఇరవై రెండేళ్ల ఏనుగ శ్రీనివాసులు రెడ్డి దక్షిణాఫ్రికా కాన్సులేట్ ముందు జరిగిన నిరసనలో నిలబడ్డాడు. తండ్రి స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లివచ్చినవాడు, తల్లి తన నగలు గాంధీ హరిజన నిధికి ఇచ్చేసినావిడ. 1949లో రెడ్డి ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరాడు.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను నిషేధించారు. మరుసటి ఏడాది చివర్లో మండేలా తదితరులు సాయుధ విభాగం పెట్టారు. శాంతియుత నిరసనకు తుపాకీ ఒక్కటే జవాబైన చోట వాళ్లు ఆ నిర్ణయానికి రావడాన్ని తప్పుపట్టడం కష్టం. అయితే దేశం లోపల మూసుకుపోయిన దారి బయట తెరుచుకుంది. 1962 నవంబర్ 6న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వర్ణవివక్షపై ప్రత్యేక కమిటీ ఏర్పాటుకు తీర్మానించింది. పాశ్చాత్య దేశాలేవీ అందులో చేరలేదు. 1963లో రెడ్డి దాని కార్యదర్శి అయ్యాడు. ఆ అక్టోబర్‌లో, మండేలాపై, ఆయన సహచరులపై విచారణ మొదలవుతున్న రోజుల్లో, రాజకీయ ఖైదీలను విడుదల చేయాలన్న తీర్మానం 106 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డది ఒక్క దక్షిణాఫ్రికా ఓటే. ఖైదీల కేసుల ఖర్చుకు, వారి కుటుంబాల పోషణకు 1965లో నిధి ఏర్పడింది. ఆటల బహిష్కారం, కళాకారుల బహిష్కారం, 1977లో భద్రతామండలి విధించిన ఆయుధాల అమ్మకం నిషేధం, వీటన్నిటి వెనక ఉన్న ఒత్తిడిలో రెడ్డి, తర్వాతి కాలంలో ఆయనే నడిపిన వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రం పని ఉంది. న్యూకాసిల్ గనిలో కూలీ చేసిన పనినే ఇప్పుడు దేశాలు చేశాయి.

లోపల కూడా నిరాకరణ తిరిగి లేచింది. 1984లో ప్రభుత్వం భారతీయులకు వేరే సభ పెట్టి ఓటు ఇస్తామంది. ఆఫ్రికన్లకు లేని ఓటు తమకెందుకని భారతీయ ఓటర్లలో ప్రతి ఐదుగురిలో నలుగురు పోలింగ్‌కు వెళ్లలేదు. 1994 ఏప్రిల్‌లో అందరూ ఒకే వరసలో నిలబడి ఓటు వేశారు. 1996 రాజ్యాంగం ఆరో అధికరణం దేశంలో గౌరవించి పెంపొందించాల్సిన భాషల్లో తెలుగును పేరుపెట్టి చెప్పింది.

1985లో పదవీ విరమణ చేశాక రెడ్డి దక్షిణాఫ్రికా భారతీయ పోరాటాల పత్రాలు సేకరిస్తూ, రాస్తూ గడిపారు. భారత ప్రభుత్వం 2000లో పద్మశ్రీ, దక్షిణాఫ్రికా 2013లో ఆలివర్ టాంబో పేరిట ఉన్న జాతీయ పురస్కారం ఇచ్చాయి. 1907 నుంచి 1914 దాకా చట్టాలను ధిక్కరించిన సత్యాగ్రహుల జీవితాలపై కల్పనా హీరాలాల్‌తో కలిసి రాసిన పుస్తకాన్ని 2017లో నవజీవన్ ప్రచురించింది. 2020 నవంబర్ 1న, 96వ ఏట, ఆయన అమెరికాలో మరణించారు.