తెలియని మాటకు అర్థం: లేఖన పఠన చరిత్రలో కొన్ని ఘట్టాలు

హెబ్రీ పాతనిబంధనలో ఒకే ఒక్కసారి కనిపించే మాటలు సుమారు 1,500 ఉన్నాయని పండితులు లెక్కించారు. వాటిలో అధిక భాగం తెలిసిన ధాతువుల నుండి పుట్టినవే గనుక పెద్ద చిక్కు లేదు. ఏ ధాతువుతోను పొత్తు కుదరక ఒంటరిగా నిలిచినవి సుమారు 400. పండితుడైతే అలాంటి మాట ప్రక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగవచ్చు. అనువాదకునికి ఆ వీలు లేదు. ఆ చోట ఏదో ఒక మాట వేసి తీరాలి. అతడు వేసిన మాటను నమ్ముకొనే దైవసేవకుడు ఆదివారం సంఘము ఎదుట నిలబడతాడు. కాబట్టి ఈ మాటల అర్థాన్ని పూర్వులు ఏ దారిన వెదకారో తెలిసికొనుట మన పరిచర్యకు దూరమైన విషయం కాదు.

బబులోను తల్మూదులో రోష్ హషానా అనే భాగంలో దీనిని గూర్చి ఆసక్తికరమైన ముచ్చట ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నాను కూర్చిన రబ్బీ యూదా హ-నాసీ ఇంటికి రబ్బీలు పాఠం కోసం వచ్చేవారు. యెషయా 14:23లో బబులోనును ఊడ్చివేయుటను గూర్చిన మాట వారికి అర్థం కాలేదు. ఒకనాడు ఆ ఇంటి పనిమనిషి తన తోటి దాసితో చీపురు తీసికొని ఇల్లు ఊడ్వమని చెబుతుండగా విన్నారు. ఆమె వాడిన మాట యెషయా వాడిన మాటే! మరొకనాడు రబ్బీలు విడివిడిగా, ఒకరి వెనుక ఒకరు లోనికి వస్తుంటే, ఇలా ముక్కలు ముక్కలుగా ఎంతసేపు వస్తారని ఆమె విసుక్కొన్నది. దానితో మిష్నాలోని ఒక మాట విడిపోయింది. జుట్టు వంకీలు త్రిప్పుకొంటున్న వాడిని ఆమె మందలించినప్పుడు సామెతలు 4:8లోని క్రియాపదం తేటపడింది. గంగపావిలి కూర చెల్లాచెదురు చేస్తున్న వానిపై ఆమె కేక వేసినందువల్ల ఒక కూర పేరు తెలిసింది.

ఇందులో హాస్యం ఉన్న మాట నిజమే. అయితే చారిత్రకంగా గమనించదగినది మరొకటి ఉంది. ఆనాటికి పలస్తీనాలో సామాన్యుల నోట హెబ్రీ వెనుకబడి, అరామిక్ పెరిగింది. రబ్బీ యూదా మాత్రం తన ఇంట హెబ్రీ వాడుకను పట్టుదలగా నిలిపినవాడని పేరు. గ్రంథాలు వల్లించిన వారికి అందని మాట ఇల్లు ఊడ్చే స్త్రీ నోట బ్రతికి ఉండుటకు కారణం అదే. తల్మూదు ఆమె పేరు చెప్పలేదు. ఆమెకు లేఖనజ్ఞానం ఎంతో కూడా ఈ ముచ్చటలో చెప్పలేదు. చీపురు ఆమె చేతిలో ఉన్నది గనుక మాట కూడా ఆమె దగ్గరే ఉన్నది.

మన సంఘాలలో దీనికి సాటియైన అనుభవం లేకపోలేదు. పట్టణంలో పెరిగిన వేదాంత విద్యార్థికి అపొస్తలుల కార్యములు 26:14లోని 'మునికోల' అంటే ఏమిటో చప్పున తట్టదు. ఎద్దులతో దున్నిన వృద్ధ రైతును అడిగితే, కొనకు ఇనుప ములుకు దిగగొట్టిన కర్ర అని చెప్పడమే గాక, ఎద్దు దానిని తన్నితే ఎవరి కాలికి గాయమవుతుందో కూడా చెబుతాడు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత అలా చెప్పగలవారు తగ్గిపోతున్నారు.

తల్మూదులోని ఆ భాగమే మరొక సంగతి చెబుతుంది. కీర్తన 55:22లో మనం యెహోవామీద మోపవలసినదానిని హెబ్రీలో 'యెహాబ్' అన్నారు. ఇది పాతనిబంధనలో ఇంకెక్కడా లేదు. రబ్బా బర్ బర్ హనా అనే రబ్బీ ఒక అరబ్బుతో కలిసి బరువు మోసికొంటూ ప్రయాణం చేస్తున్నప్పుడు, నీ 'యెహాబ్' తీసి నా ఒంటెపై వేయుమని ఆ అరబ్బు అన్నాడట. అనగా మూట, బరువు. అంతకు ఎన్నో తరాల ముందే గ్రీకు సెప్టువజింతు అనువాదకులు ఈ చోట 'చింత' అనే మాట వేశారు. 1 పేతురు 5:7లో వినిపించేది ఆ గ్రీకు మాటే. మన తెలుగు బైబిలులో కీర్తనలో 'భారము', పేతురు పత్రికలో 'చింత' కనిపిస్తాయి. ఒంటరి మాట ఒక్కటే, రెండు దారులలో మన దగ్గరకు వచ్చింది. నేటి పండితులు కొందరు దానిని 'ఇచ్చుట' అనే ధాతువుతో కలిపి, 'దేవుడు నీకు పంచి ఇచ్చినది' అని కూడా అర్థం చెబుతారు. మా దృష్టిలో ఒంటెపై వేసిన మూట ఆ వాక్యానికి చక్కగా అమరుతుంది. అయినా అమరినంత మాత్రాన నిరూపణ అయినట్లు కాదు.

సోదర భాషలను ఆశ్రయించే ఈ పద్ధతిని 10వ శతాబ్దంలో సాదియా గాయోన్ (882–942) క్రమబద్ధం చేశాడు. అరుదైన హెబ్రీ మాటలపై అతడు అరబీలో ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాశాడు.

కొన్ని మాటలకు ఏ భాషా సాయపడలేదు. మన్ను త్రవ్వితే అర్థం బయటపడింది. 1 సమూయేలు 13:21లో 'పీమ్' అనే మాట ఉంది. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి లేక, పనిముట్లు పదును పెట్టించుకొనుటకు ఫిలిష్తీయుల దగ్గరకు పోవలసివచ్చిన సందర్భమది. ఆ మాట చూపునకు 'నోరు' అనే మాటకు బహువచనంలా ఉంటుంది. నోరు అంటే పదునైన అంచు అనుకొని, దాని ప్రక్కనున్న మరో అరుదైన మాటతో కలిపి, 1611 నాటి ఆంగ్ల అనువాదకులు 'ఆకురాయి' అని అర్థం తీశారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో పలస్తీనా త్రవ్వకాలలో చిన్న రాతి తూనిక గుండ్లు దొరికాయి. వాటిపై ఇవే మూడు అక్షరాలు చెక్కి ఉన్నాయి. బరువు దాదాపు 7.8 గ్రాములు, అనగా తులములో సుమారు మూడింట రెండు వంతులు. ఆకురాయి కాస్తా కూలి ధర అయింది! 1952లో వెలువడిన ఆర్.ఎస్.వి. ఆంగ్ల అనువాదం దీనిని ధరగానే చూపింది. ఆ గుండ్లలో ఎక్కువ భాగం సౌలుకు చాలా తరువాతి కాలానివన్నది గుర్తుంచుకోవాలి గాని, వాక్యభావం మాత్రం కుదిరింది. ఇశ్రాయేలీయులకు కనీసం ఆకురాళ్లైనా మిగిలాయని చేసే ప్రసంగానికీ, ప్రతి నాగటి నక్కుకు శత్రువు వసూలు చేసిన రుసుమును గూర్చిన ప్రసంగానికీ ఎంత భేదమున్నదో చదువరులే ఊహించగలరు.

క్రొత్తనిబంధన విషయంలో ఇట్టి సాయం ఐగుప్తు ఇసుక నుండి వచ్చింది. 1 కొరింథీయులకు 16:1లో 'చందా' అని మనం చదువుకొనే చోట పౌలు వాడిన 'లొగియా' అనే మాట బయటి గ్రీకు సాహిత్యంలో దొరకలేదు. అడాల్ఫ్ డైస్‌మన్ 1895లో ప్రచురించిన అధ్యయనాలలో, ఆ తరువాత 1908 నాటి గ్రంథంలో పపైరస్ పత్రాలను, కుండపెంకులపై వ్రాసిన రసీదులను చూపించాడు. ఐసిస్ దేవత పేరిట వసూలు చేసిన చందాకు కూడా అదే మాట! పౌలు క్రొత్త వేదాంతపదం పుట్టించలేదు. బజారులో అందరూ ఎరిగిన మాటనే వాడాడు.

డైస్‌మన్ తెచ్చిన ఉత్సాహంలో, ప్రతి మాటా ఎప్పుడో ఒకప్పుడు పపైరస్‌లో దొరుకుతుందన్న ఆశ పెరిగింది. ఆ ఆశకు గట్టి పరీక్ష ప్రభువు ప్రార్థనలోనే ఎదురైంది. మత్తయి 6:11లోను, లూకా 11:3లోను ఆహారమునకు విశేషణంగా ఉన్న 'ఎపియూసియొస్' అనే మాట పండితుల రచనలలోను, సామాన్యుల వాడుకలోను లేదని 3వ శతాబ్దంలోనే ఓరిగెను వ్రాశాడు. సువార్తికులే దానిని కల్పించియుంటారని అతని అభిప్రాయం. సిరియా అనువాదాలలో ఒకటి 'ఎడతెగని' అంటే, పెషిత్తా 'మా అవసరమునకు తగిన' అన్నది. జెరోము మాటను రెండుగా విడగొట్టి, 'ఊసియా' అంటే సారము, స్వభావము గనుక, మత్తయిలో 'సారమునకు మించిన' అనే భావం వచ్చే లాటిను పదం వేసి, లూకాలో మాత్రం 'అనుదిన' అనే పాత మాటనే ఉంచాడు. గ్రీకు మాట ఒక్కటే, అనువాదకుడూ ఒక్కడే! మాటను ముక్కలు చేసి అర్థం తీయుటలోని ప్రమాదాన్ని 1961లో జేమ్స్ బార్ విపులంగా చర్చించాడు. సంఘము అనే గ్రీకు మాటను 'బయటికి పిలువబడినవారు' అని విడదీసి చేసే ప్రసంగాలు మన మధ్య ఇప్పటికీ వినబడుతూనే ఉన్నాయి. ఎఫెసు రంగస్థలంలో కేకలు వేసిన జనసమూహానికి కూడా లూకా ఆ మాటే వాడాడని (అ.కా. 19:32) అప్పుడు మరచిపోతాము.

'ఎపియూసియొస్' సంగతికి వస్తే, ఫ్లిండర్స్ పెట్రీ ఐగుప్తులోని హవారాలో బయటికి తీసిన ఒక ఖర్చుల చిట్టాను ఎ. హెచ్. సేస్ 1889లో ప్రచురించాడు. అందులో ఈ మాట మొదటి అక్షరాలు ఉన్నట్లు అతడు చదివాడు. 20వ శతాబ్దంలో పండితులు దానిని గుర్తించి, 'ఒక దినపు బత్తెము' అనే అర్థానికి ఆధారం దొరికిందని సంతోషించారు. ఇంతలో అసలు పత్రం కనబడకుండా పోయింది. బ్రూస్ మెట్జ్‌గర్ వెదికినా దొరకలేదు. చివరకు 1998లో అది యేల్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో బయటపడింది. పరీక్షించి చూడగా ఆ చోట ఉన్నది 'నూనె' అనే మాట! మరుసటి సంవత్సరం ఆ ఫలితం ప్రచురితమైంది.

అలాగైతే మన 'అనుదినాహారము' సంగతేమిటి? 'మరునాడు' అనుటకు లూకా అపొస్తలుల కార్యములలో పలుమార్లు (16:11, 20:15, 21:18) దీనికి దగ్గర బంధువైన మాటను వాడాడు. హెబ్రీయుల సువార్తలో ఈ చోట 'రేపటి' అనే హెబ్రీ మాట చూచితినని జెరోము కూడా తెలిపాడు. 'రాబోయే దినపు ఆహారము' అనే అర్థం వైపు మేము మొగ్గుటకు ఈ రెండూ కారణాలు. ఉదయం చేసే ప్రార్థనలో అది ఆ దినపు తిండి. రాత్రి చేసే ప్రార్థనలో రేపటి తిండి. అందువల్ల తెలుగు అనువాదాన్ని మార్చవలసిన అవసరం మాకు కనబడలేదు. 'అనుదిన' అనే మాట దినకూలికి పోయేవాని ఇంట ఏ వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.