నీటికి వెల

దాహమునకు నీరిచ్చి డబ్బు పుచ్చుకొనుట ఒకనాడు మన ఊళ్లలో మర్యాద కాదు. వేసవిలో బాటప్రక్క చలివేంద్రము పెట్టి, వచ్చినవారికెల్ల చల్లని నీరు పోయుట పుణ్యకార్యముగా ఎంచిరి. అట్టి చోట నేడు నీటికి కూడ ఇంటి పద్దులో ఒక పంక్తి ఏర్పడినది. సీసాలోని నీరు కొనుట ఒక పద్ధతి. కుళాయి నీటిని విద్యుత్తుతో క్షారజలముగా మార్చు ‘అయొనైజరు’ను వంటింట బిగించుకొనుట మరియొక పద్ధతి. పదేండ్లకు ఏది చౌక అని పలువురు ప్రశ్నింతురు. దీనికి బదులు చెప్పుటకు ముందు ఈ రెండింటి చరిత్రను కొంత తెలిసికొందము.

ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా 1800లో తన విద్యుద్ఘటమును లోకమునకు ప్రకటించెను. ఆ ఏడే లండనులో నికల్సన్, కార్లైల్ అను ఇరువురు అట్టి ఘటము తీగలను నీటిలో ముంచి, నీరు రెండు వాయువులుగా విడిపోవుటను కనుగొనిరి. అయొనైజరులోని కీలకము నేటికిని అదియే. ప్లాటినము పూత గల లోహపు రేకుల నడుమ విద్యుత్తు ప్రసరించును. ఋణధ్రువము వద్ద నీరు క్షారమగును. ధనధ్రువము వద్ద ఆమ్లమగును. నడుమనున్న పలుచని పొర ఆ రెంటిని వేరుచేయగా, క్షారజలము త్రాగుటకు వచ్చును. ఆమ్లజలము వేరొక గొట్టమున బయటికి పోవును.

ఈ యంత్రము జపానులో ఇండ్లలోనికి ప్రవేశించినది. అజీర్ణము, దీర్ఘకాలపు విరేచనములు, కడుపులో పులుపు మొదలగు బాధలకు ఇది ఉపయోగపడునని అచ్చటి ఆరోగ్య మంత్రిత్వశాఖ 1965లో అంగీకరించెను. ఆ అంగీకారము ఉదరబాధలకే పరిమితము. అదే 1965లో బొంబాయిలో బిస్లెరి నీరు గాజుసీసాలలో అమ్మకమునకు వచ్చినది. 1969లో పార్లే సంస్థ దానిని కొనెను. తొలుత పెద్ద హోటళ్లకే తగిన ఆ నీరు, ప్లాస్టిక్ సీసా వచ్చిన పిదప రైలు స్టేషనుకును బస్టాండుకును దిగినది. అటుపిమ్మట 20 లీటర్ల క్యాను వీధివీధికి వచ్చినది.

ఇక లెక్క చూతము. ధరలు ఊరికొక తీరుగా నుండును గనుక, ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకొందము. ఇంటికి దినమునకు 10 లీటర్లు కావలెను. లీటరు సీసా 20 రూపాయలైనచో ఏడాదికి 73,000. పదేండ్లకు 7,30,000 రూపాయలు. యంత్రము 2,00,000, వడపోత సరంజామాకు ఏటేట 8,000 అనుకొన్నచో పదేండ్లకు 2,80,000. యంత్రమే గెలిచినట్లు తోచును. అమ్మువారు చూపునది ఈ లెక్కయే. కాని దినదినము లీటరు సీసాలతో వంట చేయు ఇల్లాలెవరు? 20 లీటర్ల క్యాను 40 రూపాయలైనచో పదేండ్లకు అగునది 73,000 మాత్రమే. పోల్చెడి వస్తువు మారగానే తీర్పు తలక్రిందులైనది.

యంత్రము ఖర్చు అంతటితో తీరదు. కఠినజలము గల ఊళ్లలో రేకులకు సున్నపు పొర పట్టును. దానిని తరచు కడుగవలెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. అయొనైజరు మంచినీటి గుణమును మార్చునది. చెడ్డ నీటిని మంచినీరు చేయునది కాదు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతములలో ఎముకలను వంచు వ్యాధికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో తేలినది. అట్టి నీటికి ఈ యంత్రము మందు కాదు. ముందుగా వేరొక సాధనముతో నీటిని శుద్ధి చేయవలెను. ఆ ఖర్చు అదనము. పైగా లవణములన్నియు తీసివేసిన నీటిలో విద్యుత్తు సరిగా ప్రసరింపదు.

కనుక శ్రోతలకు మేము మనవి చేయునది ఇది. మొదట మీ ఇంటి నీటిని పరీక్ష చేయించుడు. అది మంచిదైనచో కాచి వడపోసికొన్న నీటికంటె చౌకయైనది లేదు. కానిచో, అందున్న దోషమేదో దానిని తొలగించు సాధనమునకే మీ డబ్బు వెచ్చించుడు.