పలుచని జుట్టు, నిండైన కొప్పు: సవరం చెప్పే చరిత్ర



"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అన్న సామెత మీరు వినే ఉంటారు. జుట్టు ఉన్నవారి సౌకర్యాన్ని చెప్పిన ఈ సామెత లేనివారి సంగతి ఏమీ చెప్పదు. మరి జుట్టు పలుచనైన అమ్మ ఏం చేసింది? ఆ ప్రశ్నకు సమాధానం మన ఇళ్ళలోని పాత అలమరల్లో, అద్దాల పెట్టెల్లో నల్లని పాయలుగా చుట్టి ఉండేది. దాని పేరు సవరం.

పలుచని జుట్టు ఒత్తుగా కనబడాలంటే ఏం చేయాలని నన్ను తరచుగా అడుగుతుంటారు. ఒకప్పుడు ఆడపిల్లల తల్లులు అడిగేవారు, ఇప్పుడు మగపిల్లలు కూడా అడుగుతున్నారు. మందు పేరు చెప్పేముందు ఈ కోరిక ఎంత పాతదో, మన పూర్వులు దానిని ఎలా తీర్చుకున్నారో తెలుసుకోవడం మంచిది. అందులో ఒక వైద్యుడిగా నేను నేర్చుకున్న పాఠం కూడా ఉంది. దానిని చివరలో మనవి చేస్తాను.

అమరావతి శిలలపై

మన గుంటూరు సీమలోని అమరావతి స్తూపాన్ని 1797లో కల్నల్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అక్కడ త్రవ్వకాలు జరిపించాడు. ఆ శిలాఫలకాలలో ఎక్కువ భాగం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఇక్ష్వాకుల రాజధాని అయిన విజయపురి శిల్పాలను నాగార్జునకొండ మ్యూజియంలో చూడవచ్చు. ఈసారి ఆ శిల్పాలను చూసేటప్పుడు కథను కాసేపు పక్కనబెట్టి తలలను మాత్రమే గమనించండి. కొందరు స్త్రీలకు వీపు మీద జారిన జడ ఉంటుంది, కొందరికి మెడ దగ్గర ముడి ఉంటుంది. పాపిట మీద బిళ్ళలు, జుట్టు చుట్టూ పట్టీలు కనబడతాయి. పురుషుల తలపాగాలు కూడా తక్కువవేమీ కావు. తల నిండుగా కనబడటం ఆనాడే ఒక మర్యాద.

శిల్పి చెక్కిన ఆ కొప్పులో సొంత జుట్టు ఎంత, చేర్చిన జుట్టు ఎంత అన్నది రాయి చెప్పదు. కానీ భాష కొంత చెబుతుంది. జుట్టుకూ, దానిని అమర్చే తీరుకూ తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి: కురులు, వేనలి, సిగ, ముడి, కొప్పు, క్రొమ్ముడి, కీల్గంటు, ధమ్మిల్లం, జడ. ఇన్ని పేర్లు పుట్టాయంటే ఆ పని మీద ఎంత శ్రద్ధ పెట్టారో ఊహించుకోవచ్చు.

సవరం అన్న మాట

సవరం అంటే మొదట చమరీ మృగం, దాని తోక వెంట్రుకలు. దేవుడికి, రాజుకు వీచే వింజామర ఆ వెంట్రుకలతో చేసినదే. కావ్యభాషలో చమరీ మృగాన్ని సవరపు మెకం అన్నారు. ఒత్తయిన కురులకు దాని తోకను పోలికగా చెప్పడం కవులకు పరిపాటి. కాలక్రమంలో అదే మాట తలకు చేర్చుకునే అదనపు వెంట్రుకల పాయకు పేరయింది.

నా చిన్ననాటి పల్లెల్లో సవరం తయారీ చాలా పొదుపైన వ్యవహారం. తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను ఆడవాళ్ళు పారవేసేవారు కాదు. ఉండలుగా చుట్టి చూరులోనో, గోడ సందులోనో దాచేవారు. పూసలు, పిన్నులు, దువ్వెనలు అమ్ముకుంటూ వీధుల్లోకి వచ్చే స్త్రీలు ఆ ఉండలు తీసుకుని బదులుగా ఏదో ఒక వస్తువు ఇచ్చేవారు. కొందరు ఇంటివారి జుట్టుతోనే ఇంటివారికి సవరం కట్టి ఇచ్చేవారు. ఆ విధంగా పదేళ్ళ క్రితం రాలిన జుట్టు మళ్ళీ అదే తల మీదికి చేరేది.

ఇందులో ఒక చిక్కు ఉంది. వెంట్రుక పైపొర చేప పొలుసుల వలె కుదురు నుంచి కొన వైపు పేర్చి ఉంటుంది. రాలిన వెంట్రుకల్లో కుదుళ్ళు, కొనలు కలగలిసిపోతాయి. పొలుసులు ఎదురెదురుగా రాసుకుని జుట్టు ముడిపడుతుంది. తల మీద నుంచి ఒకేసారి తీసిన జుట్టులో కుదుళ్ళన్నీ ఒక వైపే ఉంటాయి కనుక అది చిక్కుపడదు. తిరుమలలో భక్తులు సమర్పించే పొడవైన తలనీలాలకు ప్రపంచ విపణిలో గిరాకీ ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. దేవస్థానం వాటిని నేడు ఈ-వేలంలో విక్రయిస్తున్నది.

ఈ వ్యాపారం నిన్నటిది కాదనడానికి ఒక చిన్న ఆధారం ఉంది. క్రీ.శ. 533లో వెలువడిన రోమన్ న్యాయసంకలనంలో సుంకం చెల్లించవలసిన తూర్పు దేశపు సరుకుల జాబితా ఒకటి కనబడుతుంది. మిరియాలు, ముత్యాలు, పట్టుతో పాటు అందులో "భారతీయ వెంట్రుకలు" అన్న మాట కూడా ఉంది. రోమన్ రాజకుటుంబ స్త్రీలు నుదుటిపై ఎత్తుగా ఉంగరాల జుట్టు నిలబెట్టుకున్న కాలం ఒకటుంది. ఆ ఎత్తు అందరికీ సొంత జుట్టుతో వచ్చేది కాదు.

కుంకుడు, సాంబ్రాణి

సవరం కొనలేనివారు, అక్కరలేనివారు మరో ఉపాయం ఎరుగుదురు. నూనె పట్టిన జుట్టు తలకు అతుక్కుని పలుచగా కనబడుతుంది. కుంకుడుకాయలోని సపోనిన్లు నురుగై ఆ జిడ్డును తీసివేస్తాయి. తడి తలకు సాంబ్రాణి పొగ పట్టి, చేతివేళ్ళతో పాయలు విడదీస్తే వెచ్చదనానికి జుట్టు ఆరి, వెంట్రుకల మధ్య గాలి చేరి, తల ఒత్తుగా కనబడుతుంది. కాళిదాసు మేఘదూతంలో ఉజ్జయిని మేడల కిటికీల నుంచి వెలువడే కేశధూపాన్ని ప్రస్తావించాడు. మన బాలింతల గదిలోని సాంబ్రాణి అదే సంప్రదాయానికి చెందినది.

దీనివెనుక శాస్త్రం సులభమే. వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. తడిసినప్పుడు దానిలోని హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, ఆరినప్పుడు మళ్ళీ బిగుస్తాయి. ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలో కాసేపు నిలుస్తుంది. తడి జడ విప్పితే అలలు అలలుగా ఉండటం, బాపట్ల, చీరాల తీరపు తేమగాలికి అవే అలలు సాయంత్రానికి చదునైపోవడం ఇందువల్లనే. పారిస్‌లో మార్సెల్ గ్రతో 1870లలో వేడి చేసిన ఇనుప పటకారుతో అలలు తీర్చాడు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో కార్ల్ నెస్లర్ లండన్‌లో రసాయనం, వేడి కలిపి ఆ అలలను శాశ్వతం చేయబోయాడు. 1960లలో అమెరికాలో తేనెపట్టు వంటి ఎత్తైన కొప్పు పుట్టింది. దువ్వెనతో జుట్టును కొన నుంచి కుదురు వైపు వెనక్కు దువ్వి ఉబ్బించడం అందులోని కీలకం. మన సినిమాల్లోనూ ఆ ఎత్తు కొప్పులు వచ్చాయి. మా కళాశాల రోజుల్లో పెళ్ళిళ్ళలో ఆ కొప్పులు చూసి మేము ఆశ్చర్యపోయేవాళ్ళం.

జడకుచ్చులు, కుప్పెలు, మల్లెపూల జడ, మొగలిరేకుల జడ కూడా ఈ కోవలోనివే. పూలజడ వేసిన పిల్ల జుట్టు ఎంత ఒత్తో ఎవరికీ కనబడదు. పేదింటి పిల్లకూ, పెద్దింటి పిల్లకూ ఆ ఒక్కరోజు జడ సమానమే.

రంగస్థలం మీద ఈ విద్యకు మరింత గౌరవం లభించింది. కూచిపూడి భామాకలాపంలో తెర మీదుగా వేసే సత్యభామ జడ ఒక సవాలుకు గుర్తు. తరతరాలుగా ఆ జడ ధరించినవారు పురుషులు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రధారణలో సాటిలేనివారని పేరు పొందారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. శ్రీకృష్ణతులాభారంలో ఆయన సత్యభామను చూసినవారు ఆ నిండు జడను పెట్టుడు జడ అని తక్కువ చేయలేదు, కళ అన్నారు. మరి అదే సవరం ఒక కూలి స్త్రీ తలపై ఉంటే దానిని దాచుకోవలసిన రహస్యం ఎందుకు చేశాం?

నేను చూడని తల

ఇక నా పాఠం. 1980ల మొదట్లో పల్నాడు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. అది మిరపకోతల కాలం. కళ్ళాల్లో ఎర్రగా ఆరిన కాయలు, గాలి నిండా ఘాటు. రోజూ పదులకొద్దీ కూలీలు దగ్గుతో వచ్చేవారు. ఒకనాడు ఇరవై ఎనిమిదేళ్ళ స్త్రీ ఆయాసంగా ఉందని వచ్చింది. నిండైన కొప్పు, అందులో కనకాంబరాలు. ఆ కొప్పు చూసి మనిషి ఆరోగ్యంగానే ఉందనుకున్నాను. బయట వరుస పెద్దది. మిరపకోరు వల్ల వచ్చిన దగ్గేనని మందు రాసి పంపించాను. కంటి రెప్ప కిందికి లాగి చూడలేదు.

మూడు వారాల తర్వాత ఆమెను బండి మీద తీసుకువచ్చారు. చేలో పడిపోయిందట. మంచం మీద పడుకోబెట్టేటప్పుడు కొప్పు జారి సవరం నేల మీద పడింది. పిడికెడు జుట్టు కూడా లేని తల. ఊపిరి అందని స్థితిలోనూ ఆమె చేయి మొదట వెళ్ళింది తల మీదికి కొంగు లాక్కోవడానికే. హిమోగ్లోబిన్ అయిదు గ్రాములు. రెండేళ్ళుగా నెలసరిలో అధిక రక్తస్రావం, దానికి తోడు చెప్పులు లేని కాళ్ళతో తడి చేలల్లో తిరగడం వల్ల పట్టిన కొంకిపురుగులు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"జుట్టు పోతావుంటే సవరం పెట్టుకున్నా బాబూ. లోపల ఇంకేం పోతావుందో నాకేం తెలుసు?" అన్నది.

తెలియవలసింది ఆమెకు కాదు, నాకు. పెద్దాసుపత్రికి పంపితే రక్తం ఎక్కించారు. ఆమె బతికింది. ఏడాది తర్వాత కనబడినప్పుడు చిన్న ముడి ఉంది, సవరం లేదు. ఆనాటి నుంచి ఆయాసం, నీరసం అని వచ్చిన ప్రతి స్త్రీనీ "జుట్టు ఊడుతోందా అమ్మా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను.

మీరు గుర్తుంచుకోవలసినవి

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు యాభై నుంచి వంద రాలడం సహజం. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. టైఫాయిడ్, కాన్పు, తీవ్రమైన మనోవేదన తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు ఒక్కసారిగా రాలవచ్చు. కారణం తొలగితే చాలావరకు తిరిగి వస్తుంది. ఇనుము లోపం, థైరాయిడ్ లోపం ఉంటే ఎన్ని నూనెలు రాసినా ఫలితం ఉండదు. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రతి రాలే జుట్టుకూ అదే కారణమని అనుకోకండి. కానీ రక్తపరీక్ష చేయించుకోకుండా సవరం కొనకండి.

బరువైన సవరాన్ని బిగించి రోజూ కట్టుకుంటే నుదుటి అంచున, కణతల వద్ద కుదుళ్ళు దెబ్బతింటాయి. జుట్టును బిగించి కట్టే గ్రీన్‌లాండ్ స్త్రీలలో ఈ స్థితిని 1907లోనే ఒక వైద్యుడు వర్ణించాడు. మొదట్లో వదిలేస్తే కోలుకుంటుంది, ఏళ్ళ తరబడి కొనసాగితే కుదురు శాశ్వతంగా మూసుకుపోతుంది. అందుచేత వదులుగా కట్టండి, రాత్రి తీసివేయండి, తడి జుట్టుకు కట్టకండి. పాపిట స్థానం అప్పుడప్పుడు మార్చండి. నూనె తలస్నానానికి ముందు రాసుకుని, తర్వాత శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. వెనక్కు దువ్వి ఉబ్బించడం పండుగకో, పెళ్ళికో పరిమితం చేయండి.

సవరం పెట్టుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రెండు వేల ఏళ్ళుగా మనుషులు చేస్తున్న పనే అది. అద్దానికి చూపని తలను ఒక్కసారి వైద్యుడికి చూపండి. మీ ఇంట్లో ఎవరైనా ఇటీవల కొత్తగా సవరం కొనుక్కున్నట్లయితే, ఎగతాళి చేయకుండా, ఒంట్లో ఎలా ఉందని ఒక్క మాట అడగండి.